‘బండి ఎంతిస్తాది?’: అనంతపురం అడిగే ప్రశ్న వెనక నూటయాభై ఏళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ రాజులతో, యుద్ధాలతో మొదలు కాదు. మా ఇంట్లో జరిగిన గొడవతో మొదలవుతుంది.

మాది ధర్మవరం పక్కన ఒక పల్లె. నేను బెంగళూరులో ఉంటాను. మొన్న ఉగాదికి ఊరికి పోతే, గడప దాటకముందే నాయన, తమ్ముడు ఇద్దరూ నన్ను చెరో పక్కకు లాగారు. తమ్ముడికి పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. జీతం పద్దెనిమిది వేలు. షిఫ్టు వారం వారం మారుతుంది. రాత్రి షిఫ్టు అయిపోయే టైముకు మా ఊరికి బస్సు లేదు. కాబట్టి బండి కొనాల్సిందే. అక్కడి దాకా గొడవ లేదు. ఏ బండి? అక్కడే వచ్చింది చిక్కు.

తమ్ముడు 200 సీసీ బండి చూసి పెట్టుకున్నాడు. నాయన మాత్రం వంద సీసీ బండి తప్ప ఇంకేదీ గడప తొక్కకూడదు అంటాడు. “ఎంతిస్తాదో అడిగినావా వాణ్ణి? నలభై ఇస్తాదంట! ఎద్దు సన్నదైనా మేత ఎక్కువ తింటే ఎవురన్నా కొంటారా?” అని నా మీద అరిచాడు. తమ్ముడేమో “అన్నా, హైవే మీద లారీ పక్కన పోతే ఆ చిన్న బండి ఊగిపోతాది. మైలేజీ చూసుకుంటా చావమంటావా?” అన్నాడు.

ఇద్దరిదీ నిజమే అనిపించింది. తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను చరిత్ర చదివినోణ్ణి, మెకానిక్‌ను కాదు. అందుకే నాకు వచ్చిన పని చేశాను. అసలు మన జిల్లాలో ఎవరు బండి కొన్నా మొదట ‘ఎంతిస్తాది?’ అని ఎందుకు అడుగుతారు? ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చింది? వెనక్కి పోయి చూశాను. అదే మీకు చెప్తాను.

ముందు నేల గురించి. అనంతపురం వానకు దూరంగా ఉన్న నేల. నైరుతి రుతుపవనాల వాన పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతుంది. ఈశాన్య రుతుపవనాల వాన కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి పలచబడిపోతుంది. రెండింటికీ మధ్యలో మనం. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా సమయానికి పడదు. ఎర్ర నేల, లోతు తక్కువ, వేరుశనగ తప్ప ఇంకో పంట మీద ధైర్యం చేయలేం. అందుకే మన దగ్గర ‘పని’ అనేది ఊర్లో ఉండేది కాదు. వెతుక్కుంటూ పోవాల్సింది.

1876లో, ధాత నామ సంవత్సరంలో, పెద్ద కరువు మొదలైంది. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కూడా కాదు, బళ్ళారిలో భాగం. 1882లో విడదీశారు. విచిత్రం ఏమిటంటే అప్పటికే రైలు ఉంది. 1871కే మద్రాసు రైలుమార్గం గుంతకల్లు వైపు నుంచి రాయచూరు చేరింది. కానీ రైలు ఉన్నంత మాత్రాన మనిషి చేతికి కూలి రాదు కదా. పల్లెలో ఉన్నవాడు కాలి నడకన కదలాల్సిందే. ఆ కరువులో జనం పని కోసం, గంజి కోసం నడిచారు. నడవగలిగినంత దూరంలో బతుకు దొరికితే బతికారు. లేదంటే లేదు.

ఈ మాట గుర్తు పెట్టుకోండి: నడవగలిగినంత దూరం. మన కథ మొత్తం దీని చుట్టే తిరుగుతుంది.

పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రాగలిగినంత దూరంలో పని ఉంటే అది ఉద్యోగం. రాలేనంత దూరంలో ఉంటే అది వలస. రెండింటికీ తేడా కిలోమీటర్లలోనే ఉంది. నడిచేవాడికి ఆ గీత ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గర పడుతుంది. సైకిలు వచ్చాక అది పదిహేను, ఇరవై దాకా జరిగింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్లు తయారవడం మొదలైంది. మా జేజినాయనకు హెర్క్యులిస్ ఉండేది. పట్టునూలు కట్టలు దాని మీదే ధర్మవరం మగ్గాలకు చేరేవి. 1958లో ఆర్టీసీ వచ్చింది. బస్సు ఎంత దూరమైనా పోతుంది. కానీ దాని టైముకు మనం పోవాలి, మన టైముకు అది రాదు. మా ఊరికి పొద్దున ఒకటి, సాయంత్రం నైట్ హాల్టు ఒకటి. మిస్సయితే ఆ రోజు కూలి పోయినట్టే.

మరి మోటారు సైకిళ్లు? అవీ వచ్చాయి. కానీ మనకోసం రాలేదు.

సైన్యానికి, పోలీసులకు కావాలని ప్రభుత్వం బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ మొదలైంది. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ జావా బండ్లు చేసింది. తర్వాత అవే యెజ్డీలు అయ్యాయి. అటు ఉత్తరాదిలో ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ తెచ్చారు. మద్రాసు, మైసూరు రెండూ మనకు పొరుగే. కానీ పల్లెలో బుల్లెట్ శబ్దం వినిపిస్తే వచ్చేది పోలీసో, పెద్ద పెత్తందారో అని అర్థం. యెజ్డీ ఉన్నాడంటే పాల వ్యాపారమో, కాంట్రాక్టులో చేసేవాడు. స్కూటర్ అయితే ఇంకో కథ. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. డబ్బు ఉన్నా బండి లేదు. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. ఏడాదికి ఎన్ని బండ్లు చేయాలో కూడా ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి చెప్పే కాలం అది. ఇప్పుడు మీరు ఫోన్లో బండి బుక్ చేస్తే డెలివరీ రెండు వారాలు ఆలస్యమైందని కోపం తెచ్చుకుంటారు. అప్పుడు పెళ్లికి బుక్ చేసిన స్కూటర్ పిల్లాడు బడికి పోయే వయసుకు వచ్చేదని పెద్దవాళ్లు నవ్వుతూ చెప్తారు.

అంటే అప్పట్లో బండి ‘ఎంచుకోవడం’ అనేదే లేదు. దొరికింది కొనడమే.

ఇక్కడ ఒక పెద్ద మలుపు. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు చమురు ఆపాయి. కొన్ని నెలల్లోనే ప్రపంచంలో చమురు ధర దాదాపు నాలుగింతలైంది. దాంతో చిన్న ఇంజన్లకు రోజులు వచ్చాయి. 1972లోనే లూనా వచ్చి ఉంది, 50 సీసీ. తొక్కితే సైకిలు, స్టార్ట్ అయితే బండి. తర్వాత 1980లో టీవీఎస్ 50 వచ్చింది. ఇద్దరు కూర్చుని పోగలిగిన మొదటి మన దేశపు మోపెడ్. ఇది ఎక్కడ తయారైందో తెలుసా? హోసూరులో. బెంగళూరు దాటితే హోసూరు. తమిళనాడులో ఉంది కానీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగే వినిపిస్తుంది.

మా నాయన మొదటి బండి అదే. టీవీఎస్ 50. ఒక ఏడాది వాన సరిగ్గా పడి, చెనిక్కాయ ధర బాగుంటే కొన్నాడు. ముందర కాళ్ల దగ్గర ఎరువు మూట, వెనక అమ్మ, మధ్యలో నేను. ఆ బండి మీద ధర్మవరం పోతుంటే నాకు విమానం ఎక్కినట్టు ఉండేది. పెట్రోలు బంకులో పెట్రోలుతో పాటు ఆయిలు కలిపి పోయించుకోవాలి. ఆ నీలం పొగ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పొగ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. టీవీఎస్ 50, జావా, రాజ్‌దూత్, చేతక్ ఇవన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లు. టూ స్ట్రోక్‌లో కాలిన పొగ బయటికి పోయేటప్పుడు, కొత్తగా వచ్చిన పెట్రోలు కూడా కొంత కాలకుండానే దానితో పాటు సైలెన్సర్‌లోంచి పోతుంది. చిల్లు బిందెతో నీళ్లు తెచ్చినట్టు. ఫోర్ స్ట్రోక్‌లో లోపలికి రావడానికి ఒక వాల్వు, బయటికి పోవడానికి ఇంకో వాల్వు, ఎవరి వంతు వాళ్లది. వృథా చాలా తక్కువ.

1980ల మొదట్లో ప్రభుత్వం 100 సీసీ బండ్లకు జపాన్ కంపెనీలతో కలిసి పని చేయడానికి దారి ఇచ్చింది. 1984లో ఇండ్-సుజుకి ఏఎక్స్ 100 వచ్చింది. 1985లో రెండు బండ్లు ఒకే ఏడాది దిగాయి. ఒకటి యమహా ఆర్ఎక్స్ 100. రెండోది హీరో హోండా సీడీ 100. రెండింటి ఇంజన్ సైజు దాదాపు ఒకటే, 97, 98 సీసీ. కానీ ఆర్ఎక్స్ టూ స్ట్రోక్, పదకొండు హార్స్ పవర్. సీడీ ఫోర్ స్ట్రోక్, ఏడు చిల్లర హార్స్ పవర్. ఒకటి గుర్రం, ఒకటి ఎద్దు అనుకోండి. కాలేజీ కుర్రాళ్ల మనసు ఆర్ఎక్స్ మీద. ఇప్పటికీ పాత ఆర్ఎక్స్‌ను రిపేరు చేయించి రేటు పెంచి అమ్ముతున్నారంటే ఆ మోజు అలాంటిది. సీడీ 100 ప్రకటన మాత్రం ఒకే ముక్క చెప్పింది: పెట్రోలు పోయించు, మూత వేయి, మరిచిపో.

మన జిల్లాలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఎరువుల షాపు వాళ్లు దేన్ని కొన్నారో మీరే ఊహించండి. ‘మరిచిపో’ అన్న మాట మామూలు మాట కాదు. వాన గుర్తు చేస్తూనే ఉంటుంది, అప్పు గుర్తు చేస్తూనే ఉంటుంది. ఇన్నింటి మధ్య ఒక్క ఖర్చునైనా మరిచిపోవచ్చు అంటే ఎవరు కాదంటారు? 1994లో స్ప్లెండర్ వచ్చింది. అదే 97 సీసీ ఫోర్ స్ట్రోక్ దారి. ఆర్ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. ఎద్దు గెలిచింది.

ఇంకో సంగతి. ఈ హీరో వాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లు? లూధియానాలో సైకిళ్లు. సైకిలు తొక్కేవాడికి ఏం కావాలో వాళ్లకు ముందే తెలుసు.

మా ఇంట్లో మాత్రం ఈ కథ ఇలా నడవలేదు. వరసగా వానలు తప్పాయి. బోరు వేయించాలి. చేతిలో డబ్బు లేదు. నాయన టీవీఎస్ అమ్మేశాడు. బోరు వేశారు. దుమ్ము లేచింది, నీళ్లు పడలేదు. బండి పోయింది, బోరూ పోయింది. నాయన మళ్లీ జేజినాయన సైకిలు దులిపి ఎక్కాడు. చాలా ఏళ్లు దాని మీదే తిరిగాడు. డిగ్రీ అయిపోయాక నేను బెంగళూరు బస్సు ఎక్కాను. పని కోసం పోయాను, రాలేదు. పండక్కి వచ్చిపోయే మనిషిని అయ్యాను.

మా నాయన ‘ఎంతిస్తాది’ అని అరిచినప్పుడు తమ్ముడికి పిసినారితనం వినిపించింది. నాకు ఆ బోరు శబ్దం వినిపించింది.

మన వలస ఎంత పెద్ద సమస్య అంటే, ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట ప్రారంభించింది మన నార్పల మండలం బండ్లపల్లిలో. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడికి వచ్చారు. ఊర్లోనే పని ఇస్తే ఊరు వదలాల్సిన పని లేదు, అదీ ఆలోచన. ఆ తర్వాత ఇంకో రకం పని వచ్చింది. 2017లో కియా కంపెనీ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ పెట్టడానికి ఒప్పందం చేసుకుంది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. చుట్టూ విడిభాగాల కంపెనీలు వచ్చాయి. 2022లో జిల్లా విడిపోయాక పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. పేరు ఏదైనా నేల అదే.

ఇప్పుడు లెక్క చూడండి. మా ఊరి నుంచి తమ్ముడి కంపెనీకి నలభై కిలోమీటర్లు. నడిచేవాడికి అది వలస. సైకిలుకూ వలసే. బండి ఉంటే మాత్రం ఉద్యోగం. రాత్రి ఎంత పొద్దుపోయినా అమ్మ చేతి సంగటి తిని సొంత మంచంలో పడుకోవచ్చు. నూటయాభై ఏళ్లుగా మనల్ని ఊరి బయటికి తోసిన ఆ గీతను బండి నలభై కిలోమీటర్లు అవతలికి జరిపింది. కానీ ఒక షరతు. పెట్రోలు ఖర్చు జీతాన్ని తినేయకూడదు. తినేస్తే గీత మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. పెనుకొండలోనే రూము తీసుకోవాలి. అంటే మళ్లీ వలసే.

కాగితం, పెన్ను తీసుకుని ఇద్దరినీ కూర్చోబెట్టాను. పోను నలభై, రాను నలభై. రోజుకు 80. నెలకు 26 రోజులు. మొత్తం 2080 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకున్నాం. మైలేజీ కంపెనీ చెప్పేది కాకుండా, రోడ్డు మీద మామూలుగా వచ్చేది వేశాం.

నాయన చెప్పిన వంద సీసీ బండి 65 ఇస్తుంది అనుకుంటే 32 లీటర్లు, 3520 రూపాయలు. తమ్ముడు చూసిన 200 సీసీ 40 ఇస్తే 52 లీటర్లు, 5720 రూపాయలు. తేడా నెలకు 2200. ఏడాదికి 26,400. దాని మీద బండి ధర ఎక్కువ, కాబట్టి ఈఎంఐ ఎక్కువ. పద్దెనిమిది వేల జీతంలో పెట్రోలుకే దాదాపు మూడో వంతు. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు.

నాయన మీసం దువ్వాడు. ‘ఆగు నాయనా, నీ లెక్కా చూస్తాం’ అన్నాను.

మన దారిని ఒకసారి తలుచుకోండి. ధర్మవరం సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది. హిందూపురం 620 దాటుతుంది. అంటే దక్షిణానికి పోయేకొద్దీ నేల మెల్లగా పైకి లేస్తుంది. జూన్, జులైలో నైరుతి గాలి. వాన రాదు కానీ గాలి మాత్రం తప్పకుండా వస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! పనికి పోయేటప్పుడు ఎక్కుడు, ఎదురుగాలి రెండూ. చిన్న ఇంజన్‌ను అంతసేపు పూర్తిగా తిప్పి నడిపితే అరవై ఐదు ఎక్కడినుంచి వస్తుంది? పైగా సగం దారి జాతీయ రహదారి 44. లారీలు, బెంగళూరు బస్సులు. సీడీ 100 కాలంలో ఈ రోడ్డు రెండు లైన్లే, వేగం తక్కువ. ఇప్పుడు నాలుగు లైన్లు. రోడ్డు మారింది, నాయన లెక్క మారలేదు. రాత్రి షిఫ్టు నుంచి నిద్రకళ్లతో వచ్చేవాడికి బ్రేకు, లైటు రెండూ మైలేజీ కంటే ముఖ్యం. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, 125, అంతకు తక్కువ ఉన్నవాటికి కనీసం రెండు బ్రేకులు కలిసి పట్టే పద్ధతి తప్పనిసరి చేశారంటే, ఊరికే చేయలేదు.

చివరికి మధ్యలో ఆగాం. 125 సీసీ. 55 ఇస్తే సుమారు 38 లీటర్లు, 4160 రూపాయలు. నాయన బండి కంటే నెలకు 640 ఎక్కువ. తమ్ముడి బండి కంటే 1560 తక్కువ. ‘నాయనా, ఈ ఆరువందల నలభై మైలేజీకి కాదు, వాడు ఇంటికి రావడానికి’ అన్నాను. నాయన మగ్గం వైపు చూసి, “సరేలే” అన్నాడు.

ఆ తర్వాత మెకానిక్ షాపు దగ్గర ఇంకో మూడు విషయాలు చూసుకున్నాం. మీరూ రోజూ దూరం పోయేవాళ్లయితే చూసుకోండి. ఒకటి, ముందర డిస్క్ బ్రేకు. రెండు, ట్యూబ్‌లెస్ టైరు. మన రోడ్ల పక్కన కంపచెట్టు ముండ్లు ఎట్లుంటాయో తెలుసు కదా. ట్యూబు ఉంటే ముల్లు దిగిన చోటే బండి ఆగుతుంది, రాత్రి పన్నెండుకు పంక్చర్ షాపు ఉండదు. ట్యూబ్‌లెస్ అయితే గాలి మెల్లగా దిగుతుంది, చాలాసార్లు ఇల్లు చేరతారు. మూడు, చైన్ మీద పూర్తి కవరు. స్టైల్ బండ్లకు ఉండదు. మన ఎర్ర దుమ్ము చైన్‌కు ఆకురాయి లాంటిది. మన దేశం బండ్లకు ఉండే చీర గార్డు చూసి నవ్వకండి, వెనక కూర్చునే అమ్మ ప్రాణం అది.

ఎలక్ట్రిక్ ఎందుకు కాదు అని మీరు అడుగుతారు. తమ్ముడూ అడిగాడు. రోజుకు 80 కిలోమీటర్లు, ఎదురుగాలి, ఎక్కుడు, ఆపైన మా పల్లెలో రాత్రి కరెంటు. ఇంట్లో చార్జింగ్ ఖాయంగా ఉండి, దూరం తక్కువైతే అది మంచి లెక్కే. చేతక్ కూడా 2020లో ఎలక్ట్రిక్ అయి తిరిగొచ్చింది. మా తమ్ముడి తర్వాతి బండి అదే కావచ్చు. కానీ రేపు పొద్దున షిఫ్టుకు పోవాల్సినవాడు ఈ రోజు ఉన్న దారిని బట్టే కొనాలి.

ఆఖరుగా ఒక మాట. ‘ఎంతిస్తాది’ అని పెద్దవాళ్లు అడిగితే విసుక్కోకండి. వాళ్లు లీటరుకు కిలోమీటర్లు అడగడం లేదు. ఊరు వదలకుండా ఎంత దూరం పోగలవు అని అడుగుతున్నారు. అలాగే పెద్దవాళ్లూ, ‘బ్రేకు బాగుండాలి’ అని పిల్లలు అంటే సోకు అనుకోవద్దు. తిరిగి రావడం కూడా లెక్కలోదే.

బండి వచ్చిన రోజు తమ్ముడు వీడియో కాల్ చేశాడు. నిమ్మకాయలు, కుంకుమ, పూలదండ. మొదటి రౌండు ఎవరిని ఎక్కించుకున్నావురా అని అడిగితే కెమెరా వెనక్కి తిప్పాడు. నాయన. హెల్మెట్ పెట్టుకుని, పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. ‘ఎట్లుంది నాయనా బండి?’ అన్నాను.

“బాగుంది. ఎంతిస్తాదో చూడాల,” అన్నాడు.

మీ ఇంట్లో మొదటి బండి ఏది, దాన్ని ఎందుకు కొన్నారు, ఎందుకు అమ్మారు? మీ నాయననో, తాతనో ఈ రాత్రి అడగండి. ఏ పుస్తకంలోనూ లేని జిల్లా చరిత్ర అందులో ఉంటుంది. హెల్మెట్ మరిచిపోకండి. మళ్లీ కలుద్దాం.